ఒక్కరే నడిపే సింథ్ వర్క్‌షాపుల్లో కొనేవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు, ఆదివారాలు సింథసైజర్ మాడ్యూళ్ళు (కరెంటుతో ధ్వని పుట్టించే వాద్యంలో విడివిడిగా కొని కలుపుకునే ముక్కలు) చేసి అమ్ముతుంటాను. ఏడాదికి రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి ఇరవై పీసులు, అంతే. నాలాంటి చిన్న తయారీదారుల దగ్గర, ఇక్కడా బయటి దేశాల్లోనూ, కొంటాను కూడా. కాబట్టి "ఎక్కడయ్యా నా పార్సిల్" అని తిట్టుకున్న రోజులూ ఉన్నాయి, ఆ తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. ప్రతి బ్యాచ్‌కీ వాట్సాప్‌లో అవే సందేహాలు వస్తున్నాయని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## కొనే ముందు

నాలుగు నాబ్‌లు, అరచేతిలో పట్టే బోర్డు. దీనికి తొమ్మిదిన్నర వేలా?

నా ఆసిలేటర్ (స్వరం పుట్టించే మాడ్యూల్) ధర అదే కాబట్టి దాని లెక్కే విప్పి చెబుతాను. విడి భాగాలకే దాదాపు 3,100 రూపాయలు అవుతాయి. ఖర్చంతా చిప్పులదే అనుకుంటారు. నిజానికి ఎక్కువ తినేవి ఎవరూ పట్టించుకోనివి: నాబ్‌ల కింద తిరిగే పొటెన్షియోమీటర్లు, వైర్లు గుచ్చే 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు, అచ్చు వేసిన అల్యూమినియం ప్యానెల్. పెద్ద కంపెనీ వేలల్లో తెప్పించుకునే జాక్‌ని నేను రెండు వందలు తెప్పించుకుంటాను. రేటులో తేడా అక్కడే మొదలవుతుంది.

ఆపైన ఒక్కో పీసుకి గంటన్నర సోల్డరింగ్, ముప్పావు గంట ట్యూనింగ్, రాత్రంతా ఆన్‌లో ఉంచి పొద్దున్న మళ్ళీ చూడటం, ప్యాకింగ్. ఇరవైలో ఒకటో రెండో ఎందుకు పనిచేయవో ఎంతకీ అంతుపట్టదు. వాటి ఖర్చు మిగతా వాటి మీదే పడుతుంది. దుకాణం ద్వారా అమ్మితే మూడో వంతు దాకా దుకాణానికే పోతుంది. మిగిలిన దాన్ని గంటల లెక్కన పంచితే, మా వీధిలో ఏసీలు బాగుచేసే అతనికి నాకన్నా ఎక్కువ గిడుతుంది. నా మీద జాలిపడమని చెప్పడం లేదు, ఇది నేను ఇష్టపడి తగిలించుకున్న పని. ధర ఎక్కువనిపిస్తే కొనకపోవడం మీ హక్కు. "కోఠీ గుజరాతీ గల్లీలో ఇవే పార్టులు వెయ్యికి దొరుకుతాయి" అని మాత్రం అనకండి. కొన్ని దొరుకుతాయి, మిగతావి దొరకవు. అక్కడ తిరిగీ తిరిగీ చెప్పులు అరగదీసుకున్నవాణ్ణి.

ఇంట్లో చేసేదే కదా, బిల్లు ఇస్తారా?

ఇవ్వాలి. "మాది హాబీ అండీ" అనే మాట చట్టం ముందు పెద్దగా చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. ఎప్పుడో ఒకసారి సొంత పాత కీబోర్డు అమ్ముకునేవాళ్ళను అవి పట్టించుకోవు. క్రమం తప్పకుండా, వ్యాపారంగా అమ్మేవాళ్ళకు మాత్రం వర్తిస్తాయి. బిల్లుతో పాటు వారంటీ ఎన్నాళ్ళో, దేనికి వర్తించదో రాతలో అడగండి. ఫోన్‌లో చెప్పిన "చూసుకుందాంలే బ్రదర్" వారంటీ కిందికి రాదు.

కిట్ కొననా, తయారైనదే కొననా?

కిట్ అంటే విడి భాగాలు వస్తాయి, సోల్డరింగ్ మీరే చేసుకోవాలి. అది చవక. కానీ దానితో పాటు బాధ్యతలో సగం కూడా మీరే కొంటున్నారు. ఈ రంగం మొదలైందే కిట్లతో. 1961లో అమెరికాలో బాబ్ మూగ్ థెరమిన్ (ముట్టుకోకుండా గాలిలో చేతులు కదిపి వాయించే వాద్యం) కిట్‌ని 49.95 డాలర్లకు పెట్టి దాదాపు వెయ్యి అమ్మాడు. ఆయన పేరుతో సింథసైజర్ రావడం ఆ తర్వాతి మాట. అమెరికాలోనే ఓక్లహోమాలో 1967లో మొదలైన పాయా ఎలక్ట్రానిక్స్ కూడా కిట్లనే నమ్ముకుంది. ఆనాడైనా ఈనాడైనా కిట్ అమ్మేవాడు ఒప్పుకునేది ఒకటే: భాగాలన్నీ ఉంటాయి, సూచనలు సరిగ్గా ఉంటాయి. మీ చేతిలో అది మోగుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఇంతవరకూ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోనివాళ్ళు ముందు మూడు నాలుగు వందల రూపాయల ప్రాక్టీసు బోర్డు ఒకటి పాడుచేసుకుని, ఆ తర్వాత నా కిట్ కొనండి. నాకు అమ్మకం కాస్త ఆలస్యమైనా పర్లేదు.

ఇది ఫలానా కంపెనీ సర్క్యూటే కదా. కాపీ కొనడం తప్పు కాదా?

ఇందులో మూడు నాలుగు సంగతులు కలగలిసి ఉన్నాయి. ధ్వని స్వభావాన్ని మార్చే మూగ్ ల్యాడర్ ఫిల్టర్ సర్క్యూట్‌కి 1969లో పేటెంట్ వచ్చింది, దాని గడువు ఏనాడో తీరిపోయింది. ఆ సర్క్యూట్ ఎవరైనా వాడుకోవచ్చు, వాడుతున్నారు. వేరొకరి పేరు, లోగో, ప్యానెల్ మీది బొమ్మ, ప్రోగ్రాం కోడ్ మాత్రం అలా వాడుకోవడానికి లేదు.

పారిస్‌లో ఎమిలీ జిలే ఒక్కరే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన డిజైన్లను, కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టింది. ప్లెయిట్స్, రింగ్స్, క్లౌడ్స్ లాంటి మాడ్యూళ్ళను ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. కంపెనీ పేరు మాత్రం వాటి మీద వేసుకోవద్దని చెప్పింది. కాబట్టి అమ్మేవాణ్ణి ఒకటే అడగండి: మూలం ఎవరిదో మీ పేజీలో రాశారా? రాసినవాళ్ళ దగ్గర నేను నిశ్చింతగా కొంటాను. మూలం దాచి "మా సొంత డిజైన్" అనేవాళ్ళు మిగతా విషయాల్లోనూ అలాగే ఉంటారని నా అనుమానం.

ప్రీ-ఆర్డర్‌కి మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారు. కట్టొచ్చా?

మీరిచ్చే డబ్బు ఎక్కడికి పోతుందన్నదే చూడాలి. ఈ బ్యాచ్ పార్టులు కొనడానికైతే ఫర్వాలేదు. పోయిన బ్యాచ్‌లో పంపకుండా మిగిలిపోయిన పీసులు పూర్తిచేయడానికి మీ డబ్బు వాడుతున్నారంటే అది మునిగిపోయే చిట్టీ లాంటిది, ఆఖర్న ఉన్నవాడు మునుగుతాడు. పసిగట్టడం ఎలా? పాత ఆర్డర్లు ఇంకా పెండింగ్‌లో ఉండగానే కొత్త మోడల్‌కి బుకింగ్ తెరిచారంటే నేను ఒక అడుగు వెనక్కి వేస్తాను. ప్రోటోటైప్ మోగుతున్న వీడియో లేకుండా, కంప్యూటర్‌లో గీసిన ప్యానెల్ బొమ్మ మాత్రమే చూపిస్తే రెండడుగులు వేస్తాను.

కట్టే పద్ధతి కూడా ముఖ్యమే. బయటి దేశానికి పేపాల్‌లో కడితే, వస్తువు రాలేదని ఫిర్యాదు చేయడానికి డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల దాకా వీలుంటుంది. "ఇంకో నెల, ఇంకో నెల" అంటూ ఏడో నెలలో పడ్డారా, ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. యూపీఐలో కట్టిన డబ్బుకి క్రెడిట్ కార్డుకున్నట్టు చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రాబట్టుకునే వీలు) లేదు. ముఖం తెలియని వాళ్ళకు పూర్తి మొత్తం యూపీఐ చేయకండి. నేనైతే బుకింగ్‌కి మూడో వంతు తీసుకుని, పీసు మోగుతున్న వీడియో పంపాక మిగతాది అడుగుతాను. ఇక కొత్త వస్తువుల తయారీకి జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ లాంటి వెబ్‌సైట్లలో మీరు కట్టేది కొనుగోలు కిందికి రాదు. తాము దుకాణం కాదని ఆ సంస్థే 2012లో బాహాటంగా చెప్పింది.

## డబ్బు కట్టి ఎదురుచూస్తున్నప్పుడు

ఆరు వారాలన్నారు, నాలుగు నెలలైంది. మోసపోయానా?

ఆలస్యమైనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. బోర్డు మీద అరవై రకాల భాగాలుంటే, యాభై తొమ్మిది వచ్చి ఒక్కటి రాకపోయినా పని ఆగిపోతుంది. 2021లో చిప్పుల కరువొచ్చినప్పుడు ఎస్‌టీఎం 32 రకం మైక్రోకంట్రోలర్లు (బోర్డు మీది ప్రోగ్రాం నడిపే చిప్పులు) దొరక్క ఎందరో చిన్న తయారీదారులు బోర్డులు మళ్ళీ మొదటి నుంచి గీసుకున్నారు. దొరికిన చోట రేటు ఎన్నో రెట్లు చెప్పారు, పైగా నకిలీల భయం. ఆ ఏడాది ఒక బ్యాచ్‌లోని ఇరవైమంది కొనుగోలుదారులూ ఐదు నెలలు ఆగారు.

చూడాల్సింది వాళ్ళు చెప్పే కబురు ఎలా ఉందన్నది. "ప్యానెళ్ళు వచ్చాయి, రంధ్రాలు అర మిల్లీమీటరు పక్కకి పడ్డాయి, వెనక్కి పంపాను, కొత్తవి 20వ తేదీకి" అని రాసేవాడు పని చేస్తున్నాడని అర్థం. "త్వరలో పంపుతాం, మీ సహనానికి కృతజ్ఞతలు" అని మూడుసార్లు వస్తే టెన్షన్ పడటంలో తప్పులేదు. బెంచి మీద ఉన్న బోర్డు ఫొటో ఒకటి పంపమనండి. ఉన్నవాడికి రెండు నిమిషాల పని.

మెసేజ్ పెట్టి రెండు రోజులైంది, జవాబే లేదు.

పగలు ఆఫీసులో ఉంటాం. ఐదు పనిదినాలు చూసి మళ్ళీ అడగండి. రెండు వారాలు దాటితే ఏ సాకూ చెల్లదు.

నా తర్వాత బుక్ చేసినవాడికి ముందే వచ్చేసింది. ఇదేం న్యాయం?

ఈ ఫిర్యాదు నామీదే వచ్చింది, న్యాయమైనదే. రెండో బ్యాచ్‌లో నల్ల ప్యానెళ్ళు ముందొచ్చి, తెల్లవి ఆగిపోయాయి. నల్లవి అడిగినవాళ్ళకు పంపేశాను. బుకింగ్‌లో నాలుగో నంబరుండి తెల్లది అడిగిన ఒకాయన, పదిహేడో నంబరు వాడి వీడియో చూసి ఫోన్ చేశారు. కారణం చెబితే ఆయన అన్నది ఇది: "ముందే చెప్తే నేనూ నల్లదే తీసుకునేవాణ్ణి కదయ్యా." నాకు నోట మాట రాలేదు.

వరస తప్పడానికి ఇలాంటి సరైన కారణాలు ఉండొచ్చు: రంగు తేడా, చిరునామా తప్పు, దుకాణానికి ముందే ఒప్పుకున్న పీసులు. వరస తప్పేముందు వెనకబడేవాళ్ళకు చెప్పి ఎంచుకునే వీలు ఇవ్వాలి. ఫాలోయర్లు ఎక్కువున్న యూట్యూబర్‌కి ముందు పంపడం మాత్రం నాకు మింగుడుపడదు. పంపదలిస్తే అమ్మకానికి లెక్కపెట్టిన ఇరవైలోంచి కాకుండా విడిగా ఒకటి చేసి పంపాలి.

పార్సిల్ మీద గిఫ్ట్ అని, పది డాలర్లని రాయమంటే ఎందుకు ఒప్పుకోరు?

అది కస్టమ్స్‌కి అబద్ధం చెప్పడం, పట్టుబడితే సంతకం పెట్టిన తయారీదారు మెడకు చుట్టుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పార్సిల్ దారిలో పోతే ఇన్సూరెన్స్ వచ్చేది రాసిన విలువకే. పది డాలర్లని రాయించుకుంటే పది డాలర్లే చేతికొస్తాయి. బయటి నుంచి తెప్పించుకునేటప్పుడు డ్యూటీ, జీఎస్టీ, కొరియర్ వాళ్ళ హ్యాండ్లింగ్ చార్జీ కలిపితే వెబ్‌సైట్‌లో చూసిన ధర బాగా పెరుగుతుంది. అది తయారీదారు వేసిన బాదుడు కాదు.

మనసు మారింది. క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలా?

యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్న వినియోగదారులకు, సరుకు అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా కొనుగోలు రద్దు చేసుకునే హక్కు ఉంది. వాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేయించినవి ఇందులోకి రావు. మనదేశంలో మనసు మారడానికి అలాంటి సాధారణ హక్కేమీ లేదు, అమ్మేవాడు రాసిపెట్టిన షరతులే దిక్కు. నా పద్ధతి చెబుతాను: పార్టులు ఆర్డర్ పెట్టకముందైతే మొత్తం ఇచ్చేస్తాను. పెట్టాక అడిగితే ఆ స్లాట్‌కి వేరేవాళ్ళు దొరికిన రోజున ఇస్తాను. చెప్పిన గడువుకి రెట్టింపు దాటిపోతే మాత్రం షరతుల్లేవు, అడిగిన రోజే.

## చేతికొచ్చాక

శ్రుతి నిలబడటం లేదు. పాడైన పీసు అంటగట్టారా?

మన దగ్గర ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే, దానికి కారణమూ ఉంది. 1979లో బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురా తెచ్చినప్పటి నుంచి మనకు ఎలక్ట్రానిక్ వాద్యం అంటే శ్రుతి కదలనిది అని అలవాటైపోయింది. సంగీతం నేర్చుకున్న ఇంట్లో అయితే మరీను. మా కొనుగోలుదారుల్లో ఒక వీణ టీచరుగారు ఉన్నారు, ఆవిడ చెవికి మూడు సెంట్లు (సెంటు అంటే ఒక స్వరస్థానంలో నూరో వంతు) జారినా తెలిసిపోతుంది.

అనలాగ్ ఆసిలేటర్ స్వభావం వేరు. ఆక్టేవ్‌కి (పన్నెండు స్వరస్థానాల ఒక స్థాయికి) 1 వోల్టు లెక్కన నడుస్తుంది, అంటే ఒక స్వరస్థానానికి 83 మిల్లీవోల్టులు. ఆ వోల్టేజిని శ్రుతిగా మార్చే ట్రాన్సిస్టర్ల జత వేడికి మారుతుంది. ఏ సవరింపూ లేకపోతే ఒక్కో డిగ్రీకి ఒక ఆక్టేవ్ ఎడంలో సుమారు 4 సెంట్లు తేడా వస్తుంది. నేను రాత్రి పదింటికి 28 డిగ్రీల గదిలో ట్యూన్ చేస్తాను. మీరు మే నెల మధ్యాహ్నం పై అంతస్తులో 38 డిగ్రీల్లో వాయిస్తారు. పది డిగ్రీలు, 40 సెంట్లు, దాదాపు సగం స్వరస్థానం. దీన్ని సరిచేయడానికే వేడికి విలువ మారే ప్రత్యేకమైన రెసిస్టర్ ఒకటి ట్రాన్సిస్టర్ల వీపుకి ఆనించి పెడతాం. అది చాలావరకు సర్దుతుంది, పూర్తిగా సర్దదు.

ఆన్ చేసి ఇరవై నిమిషాలు ఆగండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి. ఆ తర్వాత మూడు ఆక్టేవుల మీద ఐదారు సెంట్లకి మించి తేడా ఉంటే వీడియో పంపండి, అప్పుడు తప్పు నాదే. అమ్మేటప్పుడే ఈ సంగతి పేజీలో రాయని తయారీదారుది మాత్రం తప్పు, పీసు ఎంత బాగున్నా సరే.

ప్యానెల్ మీద సన్న గీత ఉంది.

చేయి చాచినంత దూరం నుంచి చూస్తే కనబడుతుందా? కనబడితే కొత్త ప్యానెల్ అడగండి, ఇస్తారు. మొబైల్ టార్చ్ వేస్తేనే కనబడితే వదిలేయండి.

పవర్ కేబుల్ తిప్పి పెట్టాను, పొగ వచ్చింది. వారంటీలో చేస్తారా?

1995లో జర్మనీకి చెందిన డోఫర్ కంపెనీ ఏ-100 సింథసైజర్‌తో మొదలైన యూరోర్యాక్ పద్ధతిలో (మాడ్యూళ్ళన్నీ ఒకే పెట్టెలో బిగించి కేబుళ్ళతో పవర్ ఇచ్చేది) ఈ ప్రమాదం మొదటి నుంచీ ఉంది. రిబ్బన్ కేబుల్‌కి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, ఆ గీత మైనస్ 12 వోల్టుల వైపు రావాలి. తిప్పి పెడితే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. పొగ, ఆ తర్వాత ఆ వాసన... ఒకసారి పీలిస్తే మరిచిపోరు.

చాలామంది దీన్ని వారంటీలో చేయరు, అది కొనేవాడి పొరపాటే అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. తిరగేసినా కాపాడే డయోడ్లు రెండు పెట్టడానికి పట్టే ఖర్చు కొద్ది రూపాయలే. అవి పెట్టకుండా, ఎర్ర గీత ఎటో బోర్డు మీద అచ్చు వేయకుండా అమ్మినవాడికి సగం తప్పుంది. బోర్డు మీద స్పష్టంగా రాసి ఉండి, మీరు చీకట్లో పెట్టి కాల్చుకుంటే పార్టుల ఖర్చు మీదే, నా పని ఉచితం.

కిట్ పూర్తిచేశాను, చప్పుడే లేదు. భాగాలు పాడైనవి ఇచ్చారేమో?

నా అనుభవంలో పాడైన భాగం చాలా అరుదు. ఐసీ తిరగబడటం, డయోడ్ పట్టీ అటుదిటవడం, సరిగ్గా అతుక్కోని సోల్డర్, వీటిలో ఒకటే ఉంటుంది. ఇంకో దొంగ ఉంది: రెసిస్టర్లు. నీలం రంగు వాటి మీద ఐదు పట్టీలుంటాయి. 1 కిలోఓమ్‌కి నాలుగో పట్టీ గోధుమ, 10 కిలోఓమ్‌కి ఎరుపు. నీలం మీద ఆ రెండు రంగులూ ట్యూబ్‌లైట్ కింద కవలపిల్లల్లా ఉంటాయి. కంటితో వద్దు, మల్టీమీటర్‌తో కొలవండి. సాయం అడిగేటప్పుడు బోర్డు రెండు వైపులా పగటి వెలుగులో ఫొటో తీసి పంపండి. ఉచితంగా రెండు మూడు సార్లు చూసి చెప్పడం మర్యాద. ఆ తర్వాత బోర్డు పంపమని, చేసినందుకు డబ్బు అడగడం కూడా న్యాయమే.

ఫర్మ్‌వేర్‌లో (మాడ్యూల్ లోపలి ప్రోగ్రాంలో) ఆర్పెజియేటర్, అంటే నొక్కి పట్టిన స్వరాలను తనే ఒకదాని తర్వాత ఒకటి వాయించేది, పెట్టండి, చాలామంది అడుగుతున్నారు.

చాలామంది అంటే ముగ్గురు. కొన్న రోజు పేజీలో ఉన్నవన్నీ పనిచేయాలి, లేకపోతే అది తయారీదారు బాకీ. లేనిది అడగొచ్చు, కాదంటే అలగకూడదు.

## పాడైతే, తగవు వస్తే

రిపేర్‌కి పంపితే కొరియర్ డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

మొదటి నెలలో పాడైతే రానూపోనూ తయారీదారే. తర్వాత వారంటీలోనైతే పంపేది మీరు, తిరిగి పంపేది వాళ్ళు అన్నది చాలా చోట్ల వాడుక. విదేశీ పీసులకు ఇది కష్టం, రానూపోనూ చార్జీలు ఒక్కోసారి మాడ్యూల్ ధరలో సగం. అలాంటప్పుడు ఆ చార్జీ డబ్బులో కొంత ఇక్కడే బాగుచేయించుకోవడానికి ఇవ్వమని అడగండి. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ ఒప్పుకున్నారు.

తయారీదారు మూసేశాడు. ఇక ఇది చెత్తేనా?

డిజైన్ తెరిచి ఉంటే కాదు. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2022లో ఆగిపోయింది. ఆ డిజైన్లన్నీ బయటే ఉన్నాయి కాబట్టి ఆ మాడ్యూళ్ళు బాగవుతూనే ఉన్నాయి. మూసే ఆలోచన ఉన్నవాళ్ళు కనీసం సర్క్యూట్ డ్రాయింగ్ కొన్నవాళ్ళకి ఇచ్చిపోవాలని నా కోరిక.

వ్యవహారం తేలలేదు. కన్స్యూమర్ కోర్టుకి పోవచ్చా?

ఇక్కడి అమ్మకందారు మీదైతే పోవచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా కమిషన్ 50 లక్షల దాకా విలువైన కేసులు తీసుకుంటుంది, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. చాట్, బిల్లు, డబ్బు కట్టిన రసీదు దాచుకోండి. పదివేల మాడ్యూల్ కోసం అంతదూరం వెళ్ళే ముందు తేదీ వేసి ఒక ఈమెయిల్ రాయండి, ఫలానా రోజులోగా పీసైనా డబ్బైనా కావాలని. సగం కేసులు అక్కడే కదులుతాయి.

## మీరే అమ్ముదామనుకుంటే

నేనూ మొదలుపెడతాను. మొదటి బ్యాచ్‌కి ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలి?

ఐదు చేసి చూడండి. ఐదింటికి ఎన్ని రాత్రులు పట్టాయో రాసుకుని, దాన్ని రెండుతో హెచ్చించి, ఆ గడువే బయటికి చెప్పండి. ఆర్డర్ల డబ్బు వేరే ఖాతాలో పెట్టండి. ఇంటి ఖాతాలో కలిస్తే స్కూలు ఫీజు నెలలో అది ఎవరిదో గుర్తుండదు.

బంధువులకి, ఫ్రెండ్స్‌కి తక్కువకి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, లెక్కలో రాసుకుని, వరస తప్పించకుండా. మా బావమరిది అయితే "బావా, మనలో మనకి డబ్బులేంటి" అని, ఇరవైలో ఒకటి పట్టుకెళ్ళబోయాడు. ఆ ఇరవైకీ పేర్లున్నాయి. చివరికి పనికిరాకుండా పడేసిన రెండు బోర్డులని కలిపి ఒకటి చేసి ఇచ్చాను. బాగానే మోగుతుంది, ఎల్‌ఈడీ మాత్రం వెలగదు. పండక్కి వచ్చినప్పుడల్లా వారంటీ అడుగుతుంటాడు.